రందా మిషనూ, ఏకాదశి పసుపూ

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. అప్పట్లో నన్ను ఎరిగినవాళ్ళు ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు, కాకపోతే కొంచెం వేరే గొంతుతో చెబుతారు. ఇప్పుడు డెబ్బై దాటాక తెలియనివి రోజుకు రెండు చొప్పున బయటపడుతున్నాయి గానీ, మెకానికల్ డిప్లొమా కాగితాన్ని చుట్టచుట్టి ట్రంకు పెట్టెలో పెట్టుకుని గోదావరి జిల్లా నుంచి రైలెక్కినప్పుడు మాత్రం, హైదరాబాదు ఇన్నాళ్ళూ నాకోసమే ఎదురుచూస్తోందన్న అభిప్రాయంలో ఉన్నాను. ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగితే నాకోసం ఎదురుచూస్తున్నది ఒక రిక్షావాడు మాత్రమే. అతను కూడా నాచారం అనగానే "గంత దూరం నేను రాను, నడువు" అనేసి బీడీ ముట్టించుకున్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని, ద్రాక్షతోటల పక్కనుంచి, కొత్తగా లేస్తున్న రేకుల షెడ్ల మధ్యనుంచి నడిచి, వరసకు మావయ్య అయ్యే ఒకాయన నడుపుతున్న చెక్కపని కార్ఖానాకు చేరాను. అక్కడ నా ఉద్యోగం సూపర్‌వైజరు. ఏం సూపర్‌వైజు చెయ్యాలో మావయ్య చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా.

కార్ఖానాలో అన్నిటికన్నా పెద్దమనిషి ఒక మిషను. మా వైపు చిత్రిక పట్టడం అంటాం, అక్కడ రందా కొట్టుడు అంటారు, కాబట్టి దాని పేరు రందా మిషను. కోసిన పలక ఒకవైపు నుంచి గరుగ్గా లోపలికి వెళ్ళి, రెండో వైపు నుంచి నున్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందంతో బయటికి వచ్చేది. ఎక్కడో ఇంగ్లాండులో పోతపోసిన ఇనుము, ఏదో పాత వర్క్‌షాపు వేలంలో మావయ్య పాడుకున్నాడు. మల్కాజిగిరి నుంచి నాచారం దాకా ఎడ్లబండి మీద తెస్తుంటే ఒక ఎద్దు దారిలో కూలబడి, ఇక లేవనందట. దాని కడుపులో, పలక వెళ్ళే దారికి పైన, గుండ్రటి ఇనపదిమ్మ ఒకటి అడ్డంగా ఉండేది. ఆ దిమ్మకు మూడు గాడులు, ఒక్కో గాడిలో మూరెడు పొడవున్న బ్లేడు, దాన్ని నొక్కిపట్టే ఇనపబద్ద ఒకటి, ఆ బద్దకు ఐదేసి బోల్టులు. మోటారు తిరిగితే దిమ్మ తిరుగుతుంది, దిమ్మ తిరిగితే బ్లేడ్లు పలకను గీకుతాయి. ఇందులో ఉన్న కష్టమల్లా ఒకటే. బ్లేడ్లు మొద్దుబారినప్పుడల్లా విప్పి, సానపట్టి, మళ్ళీ బిగించాలి. బిగించేటప్పుడు మూడూ దిమ్మ మీంచి సరిగ్గా ఒకే ఎత్తున బయటికి రావాలి. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ వచ్చినా పని అంతా అదొక్కటే చేస్తుంది, మిగతా రెండూ ఊరికే తిరుగుతుంటాయి (ఆఫీసుల్లో కూడా ఇలాగే జరుగుతుందని తర్వాత తెలిసింది).

ఆ బిగించే విద్య కార్ఖానా మొత్తం మీద ఒక్కరికే వచ్చు. ఆయన్ని అందరూ గుట్కా మామ అనేవారు (ఇప్పటి కుర్రాళ్ళు నమిలి ఊసే సరుకు కాదు, అక్కడ చిన్న చెక్కముక్కను గుట్కా అంటారు). అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన టేకు ముక్క ఒకటి, దాని అడుగున చిన్న గీటు కోసి, ఎప్పుడూ చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు. బ్లేడు బిగించేటప్పుడు ఆ ముక్కను దిమ్మ మీద ఆనించి, రెండో చేత్తో దిమ్మను మెల్లగా తిప్పుతూ కళ్ళు మూసుకునేవాడు. నేను మొదటిసారి చూసి, పని వేళలో కునుకు తీస్తున్నాడనుకుని పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆయనది ఘట్‌కేసర్ అవతల ఒక ఊరు. భార్య పోయింది, ఉప్పల్లో కూతురి ఇంట్లో ఉండేవాడు. అరవై దాటి చాలాకాలమైనా ఒక్కరోజు కూడా నాగా పెట్టేవాడు కాదు. "పండుగనాడైనా ఇంట్లో ఉండొచ్చు కదా మామా" అని ఒకసారి అంటే, "ఇంట్ల కూసుంటే మనుమరాలు పలక బలపం దెచ్చి నాతోని అక్షరాలు దిద్దిపిస్తది సారూ. తప్పు రాస్తే చెవి పిండుతది. గీడనే మంచిగుంది" అన్నాడు.

నేనైతే చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు, ప్యాంటు జేబులో సన్నటి రేకుల ఫీలర్ గేజి పెట్టుకుని తిరిగేవాణ్ణి. సందు ఎంతుందో అంగుళంలో వెయ్యోవంతు దాకా కొలిచే పరికరం అది. వారం తిరక్కుండానే నా పేరు స్కేలు సారు అయింది. ఆ పేరులో ఉన్న గౌరవానికి చాలాకాలం పొంగిపోయాను. చెక్కముక్కతో బ్లేడు ఎత్తు కొలవడం ఏమిటని నా బాధ. కొలత అన్నాక ఒక అంకె ఉండాలి. "ఇప్పుడు ఎంతుంది మామా?" అని అడిగితే ఆయన "ఎంతుండాల్నో గంత ఉంది" అనేవాడు. ఇది నాకు భరించరానిదిగా ఉండేది.

దసరా ఇంకో వారం ఉందనగా మావయ్య నన్ను తన గదిలోకి పిలిచాడు. ఒక కాలేజీ వాళ్ళకు డ్రాయింగు బోర్డులు చేసిచ్చే పని వచ్చింది. డ్రాయింగు బోర్డు మీద చెయ్యి వేస్తే అద్దం మీద వేసినట్టుండాలి, చిన్న గీత తేలినా పెన్సిలు అక్కడ గెంతుతుంది. ఆ సంగతి చెప్పి, తలుపు దగ్గరికి వేసి, "ఏరా, ముసలాయనకి చూపు ఆనడం లేదని నా అనుమానం. బ్లేడ్లు బిగించడం ఒక్కదానికీ ఆయన మీద ఆధారపడి ఉన్నాం. అదొక్కటీ నీకొస్తే, దసరా వెళ్ళాక బట్టలు పెట్టి ఆయన్ని ఇంటికి పంపించేద్దాం. నిన్ను ఇక్కడే పర్మినెంటు చేస్తాను. వస్తుందా నీకు?" అన్నాడు. "ఎందుకు రాదు మావయ్యా" అన్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గుట్కా మామ మీద జాలి వెయ్యలేదు. పలక, బలపం, మనవరాలు ఏవీ గుర్తు రాలేదు. గదిలోంచి బయటికొస్తూ స్కేలు తడుముకున్నాను.

తెలంగాణలో దసరా అంటే దసరానే, ఇక మరో మాట ఉండదు. నవమికి ముందురోజే కార్ఖానాలో అందరూ ఊళ్ళకు బయల్దేరారు. గుట్కా మామ మాత్రం సాయంత్రం దాకా ఉండి, మూడు బ్లేడ్లూ విప్పి, సానరాయి మీద నూనె చుక్కలు వేసుకుంటూ నిదానంగా నూరి, వేలి గోటి మీద పదును చూసుకుని, పాత పంచెగుడ్డలో చుట్టి మావయ్య వాళ్ళమ్మగారి చేతికిచ్చాడు. ఆవిణ్ణి మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. ఆయుధపూజ ఆవిడ శాఖ. వెళ్తూ వెళ్తూ మామ నా దగ్గర ఆగి, "ద్వాదశి పొద్దుగాల్నే వస్త సారూ. నేనొచ్చిందాంక బ్లేడ్లు మిషన్ల వెట్టకు. నేనొచ్చి కడత" అన్నాడు. "నువ్వు పండగ చూసుకో మామా, ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాటలో ఎంత అర్థం దాచానో తలుచుకుంటే ఇప్పటికీ మొహం చాటెయ్యాలనిపిస్తుంది.

మామ్మగారి పూజ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ దేన్నీ సగం చేసే మనిషి కాదు. రంపానికి ఎన్ని పళ్ళుంటే అన్నిటికీ కుంకుమ అద్దింది. సుత్తులకు గంధం, కొలిచే టేపుకు పూలదండ, నా స్కేలుకు కూడా మూడు బొట్లు. రందా మిషను దగ్గరికొచ్చేసరికి గిన్నెడు పసుపు తడిపించి, పైమూత తీయించి, దిమ్మకు అటూ ఇటూ రాసి, ఖాళీగా ఉన్న మూడు గాడుల్లోనూ వేలితో నిండుగా మెత్తింది. బ్లేడ్లకూ ఒంటినిండా పసుపు, నడుమ కుంకుమ. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కూడా దిమ్మ మీదే చిలకరించింది. చివర్లో నా వైపు తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, ఏకాదశి వెళ్ళేదాకా ఈ పసుపు ఎవరూ తుడవకూడదు. మీ చదువుకున్నవాళ్ళకు అసలే భయం లేదు. తుడిచావో, ఊరుకోను" అంది. నేను ఆ ఇంట్లోనే రెండుపూటలా భోంచేసేవాణ్ణి. తుడవను అన్నాను.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. ద్వాదశి పొద్దున మామ వచ్చేస్తాడు. ఆయన రాకముందే బ్లేడ్లు నా చేత్తో బిగించి ఉండాలి. అంటే ఏకాదశినాడే బిగించాలి. ఏకాదశినాడు పసుపు తుడవకూడదు. చదువుకున్న మనిషిని కాబట్టి ఒక్క పూట ఆలోచించి దారి కనిపెట్టాను. మూడు గాడుల్లోనూ పసుపు సమానంగానే మెత్తారు. మూడు బ్లేడ్ల ఎత్తూ సమానంగా ఉండటమే కదా కావలసింది? పసుపు కూడా సమానమైనప్పుడు అది లెక్కలోంచి కొట్టుకుపోతుంది. పాలిటెక్నిక్‌లో సమీకరణాల్లో రెండువైపులా ఉన్నదాన్ని ఇలాగే కొట్టేసేవాళ్ళం. అంతటితో ఆగకుండా ఫీలర్ గేజితో పసుపు మందం కూడా కొలిచి, అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు అని పుస్తకంలో వేసుకున్నాను. ప్రపంచంలో పసుపు మందం అంత కచ్చితంగా కొలిచినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను.

ఏకాదశి మధ్యాహ్నం షెడ్డులో నేనొక్కణ్ణే. ఒక్కో బ్లేడూ పసుపూ కుంకుమలతో సహా గాడిలో కూర్చోబెట్టి, బద్ద దించి, గేజి పెట్టి ఎత్తు చూసి, పానాతో బోల్టులు బిగించాను. ఎడమ చివరనుంచి మొదలుపెట్టి, ఒక్కో బోల్టును ఇక తిరగనని మొరాయించేదాకా బిగించి, పక్కదానికి వెళ్ళాను. మూడు బ్లేడ్లకు మూడు గంటలు పట్టింది. చివర్లో గేజితో చూస్తే మూడూ ఒకే అంకె చూపించాయి. అంకె వచ్చేసరికి కడుపు నిండిపోయింది. దిమ్మను చేత్తో ఒకసారి తిప్పి, ఏ శబ్దమూ వినకుండా, మూత పెట్టేశాను.

ద్వాదశి పొద్దున ఎనిమిది గంటలకు మావయ్య వచ్చాడు. మామ్మగారు తన పూజ ఫలితం చూసుకోవడానికి కుర్చీ వేయించుకుని కూర్చుంది. స్విచ్ వేశాను. బెల్టు టపటపలాడి, దిమ్మ ఊపందుకుంది. మొదటి పలక లోపలికి పంపాను. అటువైపునుంచి పసుపుపచ్చటి పొట్టు రాలింది. "చూశావా, అమ్మవారు ఎంత చల్లగా చూసిందో" అంది మామ్మగారు. పలక బయటికొచ్చింది. మావయ్య దాని మీద అరచెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివరకు రాసి, తలెత్తి మా షెడ్డు పైకప్పు రేకుల వైపు చూశాడు. పలక కూడా ఆ రేకుల్లాగే ఉంది. "మొదటి పలక కదా మావయ్యా, కొత్త పదును, సర్దుకుంటుంది" అని రెండోది పంపాను. ఈసారి మిషను గొంతు మారింది. అంతవరకూ మూలిగేది కాస్తా కీచుమని అరవడం మొదలుపెట్టింది. లోపల ఏమవుతోందో చూద్దామని, మూడో పలక చేత్తో పట్టుకుని, మిషను నోటి ముందు వంగాను.

సరిగ్గా అప్పుడు మిషను ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. తలెత్తితే మెయిన్ స్విచ్ పట్టుకుని గుట్కా మామ నిలబడి రొప్పుతున్నాడు. గేటు బయటే ఆ అరుపు విని, చంకలో సంచీ అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడట. అంత వయసు మనిషి పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. దిమ్మ పూర్తిగా ఆగేదాకా స్విచ్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆగాక, జేబులోంచి, దసరాకు అక్కడ బంగారమని పంచుకునే జమ్మి ఆకులు తీసి, "బంగారం తీస్కో సారూ" అని నా చేతిలో పెట్టి, అలయ్ బలయ్ అంటూ గుండెలకు హత్తుకున్నాడు. ఆయన గుండె దడదడలాడటం నా గుండెకు తెలిసింది. తర్వాత మావయ్యకు ఆకు ఇచ్చాడు, మామ్మగారి పాదాల దగ్గర పెట్టి దండం పెట్టాడు. పండగ మర్యాదలన్నీ అయ్యాక "పానా ఇటు దే" అన్నాడు.

మూత విప్పి చూపించాడు. రెండో బ్లేడు గాడిలోంచి జారి బొటనవేలి గోరంత బయటికి వచ్చి ఉంది. కిందున్న పసుపు ఎండి, వేడికి పొడి అయి, రాలిపోయింది. అది నింపిన చోటు ఖాళీ అయ్యేసరికి బద్ద పట్టు తప్పింది. "ఇంకొక్క పలక వెడితే ఇది ఎగురుతుండె" అన్నాడు మామ. "ఎవలి మీదికి ఎగురుతుండెనో, నువ్వు ఏడ వంగినవో సూస్కో సారూ." చూసుకున్నాను. పక్కనున్న పలకల దొంతి మీద కూలబడ్డాను.

"ఎందుకిలా అయింది? తప్పెవరిది?" అన్నాడు మావయ్య. మామ గాడిలో వేలు పెట్టి గోకాడు. గోటినిండా పసుపు పెచ్చు లేచింది. దాన్ని చూశాడు. కుర్చీలో ఉన్న మామ్మగారిని చూశాడు. పలకల మీద ఉన్న నన్ను చూశాడు. వేలిని పంచెకు తుడుచుకుని, "మిషన్‌ది సేటూ. పాతగైంది. గాడీలు అరిగినయ్" అన్నాడు.

మావయ్య చాలాసేపు తల ఊపాడు. "నేను అనుకుంటూనే ఉన్నాను మామా. మిషనూ పాతదైంది, నువ్వూ పెద్దవాడివైపోయావు. కొత్త మిషను గురించి బొంబాయి ఏజెంటు ఉత్తరం కూడా రాశాడు. ఈ నెలాఖరుకి దీన్ని తుక్కుకిచ్చేసి, నీకు కూడా విశ్రాంతి ఇచ్చేద్దాం" అన్నాడు. "నీ ఇష్టం సేటూ" అన్నాడు మామ. అని, జారిన బ్లేడు విప్పడానికి వంగాడు. పానా బోల్టు మీద కూర్చోవడం లేదు. రెండుసార్లు జారింది.

నేను చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. నింద మిషను మీదికి పోయింది. మిషను తుక్కులోకి పోతుంది, మామ ఇంటికి పోతాడు, కొత్త మిషను వస్తుంది, దాని పక్కన పర్మినెంటుగా నేనుంటాను. ఇంత సులువైన పని అంతకుముందు నాకెవరూ అప్పజెప్పలేదు. ఆ సులువైన పని కూడా చేతకాలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, ఆయన గుండె చప్పుడు ఇంకా నా ఛాతీ మీద ఉండటం వల్ల కావచ్చు. "నాకు రాదు మావయ్యా" అన్నాను.

"ఏది రాదు?"

"బ్లేడ్లు బిగించడం. మిషను బాగానే ఉంది. గాడిలో పసుపు తుడవకుండా నేనే బిగించాను. బోల్టులు కూడా వరస తప్పి బిగించాను కాబోలు. దానికొక వరస ఉంటుందని ఇప్పుడు అనుమానం వస్తోంది."

"డిప్లొమాలో ఇవన్నీ చెప్పలేదట్రా?" అన్నాడు మావయ్య. "చెప్పారు మావయ్యా. పసుపు గురించి చెప్పలేదు" అన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నానని ఆయన అనుకున్నాడు. అప్పుడు మామ్మగారు కుర్చీలోంచి లేచింది. పసుపును తప్పు పట్టినందుకు నాకు ఆ పూటతో అన్నం నీళ్ళు చెల్లిపోయాయనుకున్నాను. ఆవిడ నా దగ్గరికొచ్చి, "తుడవొద్దన్నాను గానీ, దాని మీదే కూర్చోబెట్టి తిప్పమని ఎవడు చెప్పాడురా నీకు? బొట్టు నుదుట పెడతారు. కంట్లో పెడతారట్రా? ఒక్కరోజు ఆగలేకపోయావా?" అంది. ఆ చివరి ప్రశ్నకు జవాబు మావయ్యకూ నాకూ మాత్రమే తెలుసనుకున్నాను. ఇద్దరం నేల చూపులు చూశాం. చివరికి మావయ్య తలెత్తి, "మిషను ఉంటుంది. మామ కూడా ఉంటాడు. రేపట్నుంచి నువ్వు సూపర్‌వైజరువి కాదు. నీకు పని వచ్చిందని మామ నాతో చెప్పేదాకా ఆయన చేతికింద ఉండు" అన్నాడు. "నాకు శాగిర్దా? స్కేలు సారా?" అని గుట్కా మామ నోరు తెరిచాడు (శాగిర్దు అంటే శిష్యుడు). ఆయన మొహంలో భయం చూడటం అదొక్కసారే.

అలా మొదలైంది నా అసలు చదువు. గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, గుడ్డ ముంచి గాడులు తుడవడం, వెదురుపుల్ల చివర చీల్చి మూలల్లో మురికి గోకడం, దీనికే పదిహేను రోజులు పట్టాయి. "గాడీల ఎంట్రుక గూడ ఉండొద్దు. ఎంట్రుకుంటే పలక మీద గీతొస్తది" అనేవాడు. బోల్టులు చివరనుంచి కాదు, నడిమిదానితో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాలి. అదీ ఒక్కసారి కాదు, మొదట మెల్లగా, తర్వాత కొంచెం, కాసేపు మిషను తిప్పి ఆపి మళ్ళీ ఒకసారి. "ఒక్కపారే బిగిస్తే బ్లేడ్ వంగుతది. మనిషైనా గంతే" అనేవాడు. ఆఖరున టేకు ముక్కను నా చేతిలో పెట్టి, "కండ్లు మూస్కో" అన్నాడు. దిమ్మ మెల్లగా తిరిగింది. బ్లేడు అంచు టేకు గీటును తాకీ తాకకుండా చిర్రుమంది. రెండోది కూడా అలాగే. మూడోది ఇంకాస్త గట్టిగా అంది. "గిదే ఎక్కువుంది" అన్నాను, నాకు తెలియకుండానే ఆయన భాషలో. ఆయన నవ్వి, ఆ రోజు చాయ్ తనే తెచ్చిచ్చాడు. ఆ సాయంత్రమే నాలుగు వైపులా చూసి చెప్పాడు, స్కేలు మీద గీతలు కనబడటం మానేసి ఐదేళ్ళయిందట. "సేటుకు జెప్పకు సారూ." ఆ విధంగా మావయ్య అనుమానం అక్షరాలా నిజమని తేలింది. నేను చెప్పలేదు. ఆనాటి నుంచి కొలతలు నేను చదివేవాణ్ణి, చెవి ఆయన పెట్టేవాడు, ఇద్దరం కలిసి ఒక పూర్తి మిస్త్రీ అయ్యాం. డ్రాయింగు బోర్డులు అలాగే పూర్తయ్యాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. మూడు నెలల తర్వాత "ఇంక పనొచ్చినట్టేనా మామా?" అని మావయ్య అడిగితే, ఆయన ఆలోచించి "ఇంక జర టైముంది సేటూ" అన్నాడు. ఆ మాట నాలుగేళ్ళు చెప్పాడు.

నాలుగేళ్ళకు నాకు ఒక పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. చివరిరోజున ఇద్దరం మిషను పక్కన పలకల దొంతి మీద కూర్చున్నాం. అంతకాలం దాచుకున్న మాట అప్పటికి బయటికొచ్చింది. "మామా, ఆ దసరాకి ముందు మావయ్య నాతో ఒక మాటన్నాడు. నీ గురించి" అన్నాను.

"ఎర్కే సారూ. నీతోని అనకముందే నాతోని అన్నడు. పొలగాడు నేర్చుకుంటే నీకు ఆరాం అన్నడు."

"తెలిసి కూడా మిషను మీద ఎందుకేశావు? నా పేరు చెప్పొచ్చు కదా?"

"నీ మీదేస్తే నీ కొలువు వోతుండె. అమ్మ మీదేస్తే పండుగ వోతుండె. మిషన్ ఏమనుకుంటది పాపం?" అని దాని మీద పొట్టు దులిపాడు. "నా కొలువు ఎట్లయినా పోయేదే అనుకున్న. నువ్వు రాదంటవని మాత్రం అనుకోలె."

"నేనూ అనుకోలేదు మామా" అన్నాను.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. "నాకు రాదు" అనవలసిన సందర్భాలు నెలకు ఒకటైనా తగిలేవి. ఒక్కసారీ అనలేదు. తల పంకించి "చూద్దాం సార్" అనడం నేర్చుకున్నాను. అందుకు తగ్గట్టు ప్రమోషన్లు కూడా వచ్చాయి, వాటికి నేనేమీ చింతించడం లేదు. కానీ ఈ వయసులో పొద్దున్నే చాయ్ పట్టుకుని కూర్చున్నప్పుడు అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. చేతిలో జమ్మి ఆకులతో, పలకల మీద కూర్చుని ఆ రెండు మాటలూ అనేశాడు. వాడికి గర్వం ఎక్కువ, పని తక్కువ, పసుపును కొలిచినవాడు. అయినా ఆ ఒక్క పూట మాత్రం వాడు నాకంటే పెద్దవాడు. తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది.